ఎవరి వంతు?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు పెద్దలు. మా అమ్మ ఒక్కతే నిలబడి ఇల్లు సంపాదించింది. ఆ ఇంట్లో కూర్చుని చదువుకుంటున్న నన్ను ఏడాదిగా ఒక ప్రశ్న వదలడం లేదు. అదే ఇక్కడ రాస్తున్నాను.

నాన్న లేరు. అమ్మ మూడు ఇళ్లలో వంట చేస్తుంది. బెంగళూరులో అద్దె ఇంటికి వెళ్తే ముందు పది నెలల అడ్వాన్సు అంటారు, తర్వాత "ఇంట్లో మగవాళ్లు ఎవరున్నారు?" అంటారు. మూడేళ్లలో నాలుగు ఇళ్లు మారాం. బ్యాంకులో లోన్ అడిగితే జీతం స్లిప్ తెమ్మన్నారు. వంటమనిషికి స్లిప్ ఎవరిస్తారు?

2015 జూన్ 25న మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో ఒక నియమం ఉంది. ఇల్లు ఆ ఇంటి ఆడమనిషి పేరు మీద గానీ, భార్యాభర్తలిద్దరి పేరు మీద గానీ ఉండాలి. మగవాళ్లెవరని అడిగే ఊళ్లో ఆ కాగితం ఆడమనిషి పేరు అడిగింది! అమ్మకు ఊరి చివర చిన్న ఫ్లాట్ వచ్చింది. కానీ ఊరికే రాదు కదా. ప్రభుత్వం ఇచ్చేది పోగా మిగతాది మనమే కట్టాలి. అమ్మ దాచుకున్నదంతా తీసినా 60 వేలు తక్కువ పడింది.

మా పాత వీధిలో 15 మంది ఆడవాళ్ల పొదుపు సంఘం ఉంది. వారానికి తలా 100 రూపాయలు. ఇలాంటి సంఘాలను కర్ణాటకలో 1980లలోనే మైరాడా సంస్థ పెంచింది. 1992లో నాబార్డు వాటిని బ్యాంకులతో కలిపింది. వీటిలో బంగారం తాకట్టు పెట్టనక్కర్లేదు. ఒకరు కట్టకపోతే అందరూ మాట పడాలి, అంతే. అందుకే అందరూ కడతారు.

ఆ నెల అప్పు తీసుకునే వంతు అమ్మది కాదు, ఎదురింటి ఆంటీది. వాళ్ల అమ్మాయిని పీయూసీ సైన్సులో చేర్చడానికి. కానీ ఆంటీయే లేచి, "ఈసారి ఈమెకు ఇచ్చేయండి. గడువు దాటితే ఇల్లు పోతుంది, కాలేజీ ఎక్కడికి పోతుంది?" అన్నారు. అందరూ సరే అన్నారు. దగ్గర్లోని ప్రభుత్వ కాలేజీలో సైన్సు లేదు. అక్క కామర్స్ తీసుకుంది.

అప్పు తీరితే ఆ లెక్క అయిపోతుంది. దానం తీసుకుంటే తల వంచుకోవాలి. మరి వంతు ఇచ్చిన వాళ్లకు ఏమివ్వాలి? అమ్మ వడ్డీతో సహా అంతా కట్టేసింది. సంఘం పుస్తకంలో మా బాకీ సున్నా. అక్క సైన్సు సీటు ఏ పుస్తకంలోనూ లేదు.

దీని గురించి ఆలోచిస్తే నాకు హరిశ్చంద్రుడు గుర్తొస్తాడు. ఆయన మాట తప్పలేదని చిన్నప్పటినుంచీ మనకు చెప్తారు. నిజమే. కానీ ఆ మాట కోసం లోహితాస్యుడు కూడా అమ్ముడుపోయాడు. ఆ పిల్లవాణ్ణి ఎవరైనా అడిగారా? ఆంటీది గొప్ప మనసు, అందులో సందేహం లేదు. అయినా ఆమె ఇచ్చిన వంతులో సగం అక్కది. తనది కానిది ఇచ్చేస్తే అది త్యాగం అవుతుందా? తీసుకున్న మనది తప్పవుతుందా?

ఈ సంగతి అమ్మతో అంటే ముందు కోప్పడింది. "రోడ్డు మీద ఉండాల్సిందా మనం?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. తర్వాత ఒక ఆదివారం అమ్మతోపాటు సంఘం మీటింగుకు వెళ్లి, అక్కనే అడిగేశాను. అక్క నవ్వి, "నన్ను అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నే. అడగలేదు" అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

బస్సులో అమ్మకు ఆ మాట చెప్పాను. ఇల్లు వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు.

వచ్చే జూన్‌లో సంఘంలో అమ్మ వంతు. అక్క డిగ్రీలో చేరేది కూడా అప్పుడే. తన వంతు అక్కకు ఇద్దామనుకుంటున్నానని రాత్రి అన్నం తింటూ అమ్మ అంది. "అక్కకు కావాలో వద్దో ముందు తననే అడుగుతాను. నిన్ను కూడా అడగాలి కదా. నీ పదో తరగతి తర్వాత ఫీజుకని అనుకున్న డబ్బు అది."

నేను వెంటనే సరే అనలేదు. రెండు రోజులు పట్టింది.