అద్దెకిచ్చిన గొంతు ఎవరిది?



డిగ్రీ ఫలితాలు వెలువడే రోజుల్లో విచారణ గురువుల బల్లమీద క్యారెక్టర్ సర్టిఫికెట్ల కాగితాలు పెరిగిపోతాయి. ఒకప్పుడు అవి టీచర్ ట్రైనింగుకో, నర్సింగుకో, బ్యాంకు పరీక్షకో కావలసివచ్చేవి. ఇప్పుడు వాటి నడుమ మరో మాట కూడా వినిపిస్తోంది. రేడియోలో అనౌన్సరుగా వెళ్తానని ఒకరు, వార్తా ఛానల్లో చేరతానని ఇంకొకరు, కెమెరా నేర్చుకుంటానని మరొకరు. వీరిలో చాలామంది ఆదివారం పూజలో పఠనాలు చదివి, క్రిస్మస్ నాటికల్లో వేషాలు కట్టి, గాయకబృందంలో పాడి పెరిగిన పిల్లలే. మైకు అంటే వారికి భయం లేదు. భయమంతా తల్లిదండ్రులకే.

ఆ భయంలో రెండు పాయలున్నాయి. ఉద్యోగం నిలుస్తుందా, జీతం నెలనెలా వస్తుందా అన్నది మొదటిది. అది న్యాయమైన ప్రశ్నే. మండలాల నుండి వార్తలు పంపే విలేకరుల్లో చాలామందికి స్థిరమైన జీతం లేదని మనకు తెలుసు. అక్కడ బతకాలంటే అబద్ధం ఆడాలి కదా అన్నది రెండవది. మొదటిదానికి జవాబు ఒక్కో సంస్థను బట్టి మారుతుంది. రెండవది మాత్రం మనిషి మనస్సాక్షికి సంబంధించినది కాబట్టి ఈ వారం దానిని గురించి కలిసి ఆలోచిద్దాం. వేరొకరు రాసి ఇచ్చిన మాటను, నేను నమ్మని మాటను, జీతం పుచ్చుకుని నా గొంతుతో లోకానికి చెప్పవచ్చునా? చెబితే ఆ మాటకు బాధ్యుడెవడు?

"కోటి విద్యలు కూటి కొరకే" అన్నారు పెద్దలు. కూటికోసం పనిచేయడం చిన్నతనం కాదు. అమ్మానాన్నలు అప్పుచేసి ఫీజులు కట్టిన పిల్లవాడు మొదటి జీతం గురించి ఆలోచించడం ధర్మమే. అయితే అన్ని విద్యలూ ఒకే సరుకును అమ్మవు. వడ్రంగి బల్ల చేస్తాడు. ఆ బల్ల గట్టిదో కాదో కొన్నవాడు చేత్తో తట్టి చూసుకోగలడు. వార్త అలాంటిది కాదు. వినేవాడు ఆ సంఘటన జరిగిన చోటికి వెళ్లి చూడలేడు. కనుక చెప్పేవాడు నిజానికి అమ్ముతున్నది వార్తను మాత్రమే కాదు, వినేవాడి నమ్మకాన్ని కూడా.

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు మన పల్లెల్లో వాదన తీరాలంటే "రేడియోలో చెప్పారు" అన్న ఒక్క మాట చాలేది. చెప్పిన మనిషిని ఎవరూ చూసి ఎరుగరు. ఆయన ఊరు, కులం, మతం ఎవరికీ తెలియవు. అయినా నమ్మేవారు. వర్షసూచనలు, పంటల ధరలు, రైతుల కార్యక్రమాలు రోజూ శ్రద్ధగా చదివిన ఎందరో కలిసి కూడబెట్టిన నమ్మకం అది. ఏ ఒక్కరి సొంత ఆస్తీ కాదు.

పునీత తోమాసు అక్వినాసు సత్యం పలకడాన్ని న్యాయమనే సుగుణంతో జతచేశారు. మనిషి సంఘజీవి, ఒకరినొకరు నమ్మకుండా మనుషులు కలిసి బతకలేరు, కాబట్టి నిజం చెప్పడం మనం తోటివారికి పడిన బాకీ అన్నది ఆయన వాదం. అంటే అబద్ధం చెప్పేవాడు తన ఆత్మకు మచ్చ తెచ్చుకోవడంతో ఆగడు. ఊరంతా తాగే బావిలో విషం కలుపుతాడు. భారత సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పులో ఆకాశతరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. చట్టం చెప్పినా, తత్వశాస్త్రం చెప్పినా సంగతి ఒక్కటే. బావి ఊరిది, చేద మాత్రమే మనది.

ఇక్కడ ఒక యువకుడు అడ్డుతగలవచ్చు. "ఫాదర్, రాసేది ఒకరు, చదివేది నేను. నాటకంలో రావణుడి వేషం వేసినవాడు రావణుడైపోతాడా?" మంచి ప్రశ్న. రావణుడి వేషం వేసినవాడు కాడు. ఎందుకంటే చూసేవారికి అది వేషమని తెలుసు. నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య ముందే ఒక ఒప్పందం ఉంది. డబ్బింగు చెప్పేవారికీ, నాటికలో ఆడేవారికీ ఈ దోషం అంటదు. వార్త చదివేవాడి సంగతి వేరు. "ఇది జరిగింది" అని అతడన్నప్పుడు వినేవాడు నిజంగా జరిగిందనే అనుకుంటాడు. అక్కడ తెరలేదు, వేషం లేదు.

అలాగని ఛానల్లో పనిచేసే ప్రతివారిదీ ఒకే బాధ్యత కాదు. పాపకార్యంలో సహకారం గురించి నైతిక వేదాంతం ఒక తేడా చూపిస్తుంది. చెడు ఉద్దేశంలోనే పాలుపంచుకోవడం ఒకటి, ఉద్దేశంలో పాలులేకుండా పని మాత్రం చేయడం మరొకటి. ఆ పనిలో కూడా దగ్గరిది ఉంది, దూరపుది ఉంది. స్టూడియోలో ఏసీ బాగుచేసేవాడు దూరంగా ఉన్నాడు. శబ్దం సరిచేసేవాడు కొంచెం దగ్గరగా ఉన్నాడు. నిజం కాదని తెలిసీ ఆ శీర్షిక పెట్టినవాడు, తెలిసీ చదివినవాడు చాలా దగ్గరగా ఉన్నారు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న సమాచార సాధనాలపై వెలువరించిన ప్రకటనలో, యజమానులతోపాటు రచయితలను, నటులను, యంత్రాలు నడిపేవారిని, అమ్మేవారిని కూడా బాధ్యులలో చేర్చింది. జీతగాడినన్న కారణంతో ఎవరికీ పూర్తి మినహాయింపు దొరకదు.

దీనిని అద్దెతో పోల్చి చూడండి. ఇల్లు అద్దెకిచ్చినవాడు ఇల్లు అమ్ముకోలేదు. అద్దెకున్నవారు గోడకు ఏ రంగు వేసుకున్నా ఊరుకోవచ్చు. ఆ ఇంట్లో దొంగసారా కాస్తున్నారని తెలిసి కూడా, అద్దె సమయానికి వస్తోంది కదా అని ఊరుకుంటే ఊరు అతణ్ణి క్షమించదు. జీతం మన సమయాన్ని, నైపుణ్యాన్ని అద్దెకు తీసుకుంటుంది. మనకు నచ్చని పాట వేయమంటే వేయవచ్చు, నచ్చని పొడవులో రాయమంటే రాయవచ్చు. మనస్సాక్షి మాత్రం ఆ అద్దె పత్రంలో లేదు.

"నేను చదవకపోతే ఇంకొకరు చదువుతారు కదా" అన్నది రెండవ వాదం. ఇది చాలామందిని పడగొట్టిన వాదం. ఆఫ్రికాలోని రువాండా దేశాన్ని తలచుకోండి. జనాభాలో అత్యధికులు క్రైస్తవులు, అందులో కతోలికులే ఎక్కువ. 1993లో అక్కడ ఒక ప్రైవేటు రేడియో మొదలైంది. హుషారైన పాటలు, హాస్యం, శ్రోతలతో సరదా మాటలు ఉండేవి, యువత మెచ్చుకునేది. 1994 ఏప్రిల్ నుండి జూలై వరకు సుమారు వంద రోజుల్లో దాదాపు 8 లక్షలమంది హతులైనప్పుడు, అదే రేడియో టుట్సీలను బొద్దింకలని పిలుస్తూ, దాక్కున్నవారి పేర్లు, చోట్లు చెబుతూ హంతకులను పురికొల్పింది. అందులో ఫ్రెంచిలో మాట్లాడిన జార్జ్ రుగియూ బెల్జియం నుండి వచ్చినవాడు. అతడు కత్తి పట్టలేదు, మైకు పట్టాడు. అంతర్జాతీయ న్యాయస్థానం ఎదుట తప్పు ఒప్పుకోగా 2000లో 12 ఏళ్ల శిక్ష పడింది. అతడు కాకపోతే మరొకరు మాట్లాడేవారేమో. ఆ సంగతి న్యాయస్థానానికి అక్కరలేకపోయింది. మాట్లాడింది అతడే కనుక అతణ్ణే అడిగింది. "పెదవి దాటితే పృథివి దాటుతుంది" అన్న మన సామెతకు ఇంతకంటే భయంకరమైన వ్యాఖ్యానం ఉండదు.

మన ఛానళ్లు రువాండా రేడియోలు అని నేను అనడం లేదు. మనదగ్గర శోధన మరీ చిన్నదిగా, రోజూ కొంచెంగా వస్తుంది. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల నుండి డబ్బు తీసుకుని వారి ప్రచారాన్ని వార్తలుగా వేశారన్న ఫిర్యాదులపై ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘాన్ని వేసింది. అందులో ఒకరు తెలుగు పాత్రికేయులు కె. శ్రీనివాస్ రెడ్డిగారు. వారు పేర్లతో సహా వివరంగా నివేదిక రాశారు. 2010 జూలైలో కౌన్సిల్ ఆమోదించి వెలువరించిన నివేదికలో ఆ పేర్లు లేవు. సత్యం కోసం ఉన్నచోట కూడా సత్యాన్ని సగం మింగవలసిరావడం ఎంత సులభమో ఇది చెబుతుంది.

ఇక ఛానళ్ల రేటింగుల సంగతి. దేశంలో కొన్ని వేల ఇళ్లలో పెట్టిన మీటర్లే ఎవరు ఏమి చూశారో లెక్కగడతాయి. ఆ లెక్కను బట్టి ప్రకటనల డబ్బు వస్తుంది. ఆ లెక్కల్లోనే మోసం జరిగిందన్న ఆరోపణలతో 2020 అక్టోబరులో వార్తా ఛానళ్ల రేటింగులు ఆపి, 2022 మార్చిలో మళ్లీ మొదలుపెట్టారు. ప్లేటో రాసిన "గోర్గియాస్" సంభాషణలో సోక్రటీసు ఒక పోలిక చెబుతాడు. వైద్యుడు, మిఠాయిలు వండేవాడు చిన్నపిల్లల న్యాయసభ ఎదుట నిలబడితే, చేదుమందు ఇచ్చిన వైద్యుడికే శిక్ష పడుతుందట. స్టూడియోలో కూర్చున్న అమ్మాయి మందు ఇవ్వాలనే అనుకోవచ్చు. మనం ఇంట్లో రిమోటు పట్టుకుని మిఠాయికే ఓటు వేస్తే ఆమె ఎంతకాలం నిలుస్తుంది? పిల్లలను ఆ ఉద్యోగానికి పంపనని పట్టుబట్టి, సాయంత్రం అవే అరుపులు కుటుంబమంతా కూర్చుని చూసే ఇంట్లో ఆ పట్టుదలకు విలువలేదు.

మరి ఏమి చేయాలి? ఈ రంగానికి దూరంగా ఉండాలా? పునీత అగుస్తీను జీవితం ఇక్కడ మనకు పనికివస్తుంది. ఆయన క్రీ.శ. 384లో మిలాను నగరంలో ఉపన్యాస కళ బోధించే పెద్ద కొలువు సంపాదించారు. నేటి భాషలో చెప్పాలంటే అది రాజధానిలో మంచి జీతంగల మీడియా ఉద్యోగం. చక్రవర్తిని పొగుడుతూ ఉపన్యాసం సిద్ధం చేస్తున్న రోజున, తాను అబద్ధాలు చెబుతాడనీ, అవి అబద్ధాలని తెలిసినవారే చప్పట్లు కొడతారనీ ఆయనకు తెలుసు. తాను మాటలు అమ్ముకునేవాడినయ్యానని ఆయన మనసు కుమిలింది. 386లో ద్రాక్షకోతల సెలవుల తరువాత ఆ కొలువు వదిలేశారు.

కథ అక్కడితో ఆగితే మాటల వృత్తి చెడ్డదని తేలేది. అయితే అదే అగుస్తీనులు హిప్పో మేత్రాణులై, దాదాపు నలభై ఏళ్ల తరువాత తన గ్రంథంలో మరోమాట రాశారు. వాక్చాతుర్యం ఒక పనిముట్టు, అబద్ధాలవాళ్లు దానిని చక్కగా వాడుతుంటే సత్యం తరఫున నిలిచినవాళ్లు మందకొడిగా, వినేవారికి నిద్రవచ్చేలా మాట్లాడటం దేనికి అన్నది దాని సారం. ఆయన వదిలింది కొలువును, విద్యను కాదు. ఈ రెండింటినీ వేరుచేసి చూడటం నేర్చుకుంటే మన పిల్లలకు దారి కనబడుతుంది.

కనుక చదువు ముగించి ఈ దారి ఆలోచిస్తున్న బాబులకు, అమ్మాయిలకు నా మనవి. ముందు విద్యను గట్టిగా పట్టండి. ఉచ్చారణ, శబ్దం, ఎడిటింగు, శుద్ధమైన తెలుగు, ఏదైనా సరే. చేతిలో పని ఉన్నవాడికి గుమ్మం దాటి వెళ్లే స్వేచ్ఛ ఉంటుంది. చేరబోయే సంస్థ గురించి విచారించండి. తప్పు వార్త వేసినప్పుడు దిద్దుబాటు వేస్తుందా? "ఇది నిజం కాదు సార్" అన్న చిన్న ఉద్యోగి అక్కడ ఆరునెలల తరువాత కూడా ఉన్నాడా? ఈ రెండు సంగతులు అక్కడి భవనం కంటే, అక్కడి జీతం కంటే ఎక్కువ చెబుతాయి. మొదటి జీతం నుండే కొంత పక్కన పెట్టండి. "కాదు" అనగలగాలంటే ధైర్యం ఒక్కటే చాలదు, ఇంట్లో మూడునెలల బియ్యం కూడా ఉండాలి.

రంగం మనం అనుకున్నంత ఇరుకైనది కాదు. జహీరాబాదు దగ్గర మాచనూరులో 2008 నుండి సంఘం రేడియోను దళిత మహిళలు నడుపుతున్నారు. విత్తనాలు, వంటలు, పాటలు, ఊరి కష్టసుఖాలు వారి కార్యక్రమాలు. మన తెలుగు కార్యక్రమాలను కూడా ప్రసారం చేసిన రేడియో వేరితాస్ ఆసియా 2018లో షార్ట్‌వేవ్ ఆపి ఇంటర్నెట్‌కు మారింది. సాధనాలు మారుతూనే ఉంటాయి. నమ్మదగిన గొంతుకు పని మాత్రం తప్పదు.

తల్లిదండ్రులకు ఒక్కమాట. మీ అమ్మాయి ఏడాది తరువాత ఇంటికి వచ్చి, "నాన్నా, నాతో అబద్ధం చదివించబోయారు, మానేసి వచ్చాను" అంటే ఏమంటారో ఇప్పుడే ఆలోచించి ఆమెకు చెప్పి పంపండి. ముందే అన్నామా లేదా అని దెప్పుతారన్న భయముంటే ఆమె ఆ కాగితం చదివేస్తుంది. అన్నం పెట్టి కూర్చోబెడతారన్న నమ్మకముంటే చదవదు.