విహారము ప్రసాదమగునా?

కాయకమును కైలాసముగా నమ్మిన కుటుంబము, వారము దినములు పని మాని, కూడబెట్టిన ధనము వెచ్చించి, మనుమలతో మహానగరమునకు విహారయాత్ర పోవుట ధర్మమేనా? వేసవి సెలవులు వచ్చినపుడెల్ల కాశీబుగ్గ ప్రాంతపు భక్తుల ఇండ్లలో ఈ ప్రశ్న తలయెత్తుచునే యున్నది. పిల్లలు హైదరాబాదు చూపుమందురు. తల్లిదండ్రులు విశాఖ ఎక్స్‌ప్రెస్‌కు టిక్కెట్లు తీయింతురు. పెద్దలలో ఒకరు మాత్రము, “ఆ సొమ్ముతో శ్రీశైలమో కూడలసంగమమో పోయివచ్చిన పుణ్యమైన దక్కును గదా” యని గొణుగుదురు.

ఆ మాటలో ప్రేమ యున్నదిగాని, బసవ మార్గము మాత్రము లేదు. శరణులు తీర్థములను తిరిగి పుణ్యము మూటగట్టుకొనుమని చెప్పలేదు. ఇష్టలింగము కంఠమున నుండగా అది పలాస స్టేషనులో రైలెక్కదా, సికింద్రాబాదులో దిగదా? హోటలు గదిలో నీరు గలదు, దీపము గలదు. శివపూజకు కొరవడునది మన తీరిక యొక్కటే. ఇక నగరమనగానే భయపడవలసిన పని అసలే లేదు. బసవేశ్వరుడు అడవిలో కూర్చుండి బోధించినవాడు కాడు. పండ్రెండవ శతాబ్దమున బిజ్జలుని రాజధానియైన కళ్యాణమున భండారమును చూచిన మంత్రి. ఆ కాలమునకు కళ్యాణమే మహానగరము. దేశదేశముల నుండి జనము అచ్చటికి వచ్చి చేరిరి. మోళిగె మారయ్య కాశ్మీరము నుండి వచ్చెనని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. అతడు చేపట్టిన కాయకము కట్టెల మోపులమ్ముట.

కావున నగరమునకు పోవచ్చునా యన్నది నిజమైన ప్రశ్న కాదు. అచ్చట పొందిన సంతోషమును భోగముగా పొందితిమా, ప్రసాదముగా పొందితిమా యన్నదే ప్రశ్న. ప్రసాదమనగా రుచిలేని వస్తువని యర్థము కాదు. లింగమున కర్పించి, ఇచ్చిన చేతిని మరువక స్వీకరించినది ప్రసాదము. నగరము ఆ చేతిని కనబడనీయదు; చిక్కంతయు అందులోనే యున్నది.

మన పలాస జీడిపప్పునే చూడుడు. పిక్కను వేడికి పదును చేసి, ఒక్కొక్కటిగా పగులగొట్టి, పప్పు విరుగకుండ తీయవలెను. డొల్లలోని జీడి తగిలినచో చర్మము పొక్కి నల్లబడును. ఈ పనిచేయు స్త్రీల చేతులు మనము ఎరుగనివి కావు, మన వీధిలోనివే. అట్టి పప్పు హైదరాబాదు మిఠాయి అంగడిలో వెండిరేకు కప్పుకొని, గాజు పెట్టెలో దీపముల నడుమ కూర్చుండును. మనుమడు దానిని నగరపు వస్తువనుకొని వేలు చూపును. అప్పుడు తాత నోరు విప్పినచో ఆ బర్ఫీ ముక్క ఊరికి చేరును. విప్పనిచో అది ఎవరును చేయని వస్తువుగా కడుపులోనికి పోవును. మేడల సంగతియు అంతే. ఉద్దానము నుండి కూలికై నగరములకు పోవుట పాత కథయే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను కూల్చిన పిదప, నాటిన మొక్క కాపునకు వచ్చువరకు సంసారము గడచుటకు నగరమే దిక్కైన వారెందరో గలరు. మనుమలు తలయెత్తి అంతస్తులు లెక్కపెట్టు భవనములలో మన మందస, వజ్రపుకొత్తూరు వారు ఇటుకలు మోసినవి లేకపోవునా?

హుస్సేన్ సాగరములోని బుద్ధ విగ్రహమును చూడని పిల్లలుండరు. పడవలో పోయి, ఫోటో తీసికొని వత్తురు. సుమారు 58 అడుగుల ఆ ఏకశిలను 1990 మార్చి 10న తెప్పపై నిలిపి నీటిమీద తరలించుచుండగా తెప్ప ఒరిగి విగ్రహము మునిగెను. దానితోపాటు పలువురు పనివారు ప్రాణములు కోల్పోయిరి. రెండేండ్లకు పైగా శిల నీటి అడుగున నుండెను. పిదప వెలికితీసి 1992 డిసెంబరు 1న ప్రతిష్ఠించిరి. స్థావరము మునిగినను మరల లేచినది. జంగమములైన ఆ ప్రాణములు లేవలేదు. స్థావర జంగమముల భేదమును బాలురకు ఇంతకంటె సులభముగా ఏ గ్రంథము చెప్పగలదు? పడవలో నున్నంతసేపటిలో చెప్పి ముగింపదగిన కథ యిది.

అట్లని అడుగడుగునను ఉపన్యసించుమని నా యభిప్రాయము కాదు. ఐస్‌క్రీము చేతిలో నుండగా ధర లెక్కగట్టి నిట్టూర్చు తాత, ఐస్‌క్రీమునకును బసవ తత్త్వమునకును గూడ రుచి చెడగొట్టును. ఆయ్దక్కి లక్కమ్మ అట్లు చేయలేదు. మహామనె ముంగిట రాలిన బియ్యమును ఏరితెచ్చు కాయకము మారయ్యది. ఒకనాడతడు నిత్యము కంటె ఎక్కువ తెచ్చినపుడు, అవసరమునకు మించినది మనకేల, తెచ్చినచోటనే పోసి రమ్మని ఆమె పంపినది. ఉన్నది చాలునని ఆ పేదరాలికి తెలియును. మనకు తెలియనిది అదే. ఏడాదిలో పది దినములు మాత్రమే మనుమలను చూచు తాత, చూడని దినములన్నిటికిని బదులు చెల్లించువానివలె అంగడిలో చేతికందినదెల్ల కొనిపెట్టును. పిల్లవాడు అడిగినది బొమ్మ. తాత తీర్చుకొనునది తన వెలితి. ఈ వెలితి నిజమైనదే, దానిని నేను పరిహసింపను. కాని బొమ్మల సంచి ఎంత పెద్దదైనను అది నిండదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణమున గొడగూచి కథ గలదు. తండ్రి ఊరికి పోవుచు శివునకు పాలారగింపు చేయుమని చెప్పగా, ఆ పసిపిల్ల శివుడు నిజముగా త్రాగుననియే నమ్మినది. త్రాగకున్న ఏడ్చి త్రాగించినది. తిరిగివచ్చిన తండ్రియే నమ్మలేకపోయెను. పిల్లలు మన మాటను ఉన్నదున్నట్లు పట్టుకొందురు. ఎల్లరియందును శివుడు గలడని ఇంట చెప్పి, నగరములో గది తుడుచు స్త్రీని “ఏమే” యనియు, ఆటో నడుపువానిని “ఒరే” యనియు పిలిచినచో వారు ఏ మాటను నమ్మవలెను?

కుమారుడుండు మేడ ద్వారమున కావలియున్న వృద్ధుని యాస వినగానే మనవాడని తెలియును. టెక్కలియో, సోంపేటయో. పలుకరింతుము, ఊరి పేరు విని సంతోషింతుము, మిగిలిన పులిహోర పొట్లము మనుమని చేత పంపుదుము. అది దానమగును. దాసోహమునకు పంక్తి యొకటే గదా. అతనిని పైకి పిలిచి, మనుమల ప్రక్కన విస్తరి వేయుటకు కుమారుడును కోడలును సమ్మతింతురా యని అడుగవలసి వచ్చును. మనయందు ఎందరము ఆ మాట అడిగి వచ్చితిమి?