ఒడ్డుననున్నవాని ధర్మము

ఒక ప్రాణిని వంచించి పట్టి, దాని దేహమునకు గాయము చేసి, ఆ గాయమునకు మన చేతులతోనే మందు పూసి, బరువు తూచి, అందమునకు ముగ్ధులమై, తిరిగి అది వచ్చిన నీటిలోనికే సగౌరవముగా సాగనంపినచో, ఆ కార్యమును హింస అనవలెనా, క్రీడ అనవలెనా, లేక ఆరాధనలో ఒక విచిత్రభేదమనవలెనా అను ప్రశ్న మన పూర్వులకు ఎదురైనట్లు నాకు తోచదు. చంపుటను గూర్చియు, తినుటను గూర్చియు, యజ్ఞపశువును గూర్చియు, రాజుల మృగయావ్యసనమును గూర్చియు వారు విస్తారముగా విచారించిరి గాని, చంపు తలంపు గాని తిను తలంపు గాని లేక, కేవలము చేతులలోనికి తీసికొని చూచి విడుచుటకై గాలము వేయువాడు వారి కంటబడలేదు. నేడు ఐరోపాలో అట్టివారు అసంఖ్యాకులు. వారిలో అనేకులు దయాళువులు, ప్రకృతిప్రియులు, పిల్లలను ప్రేమతో పెంచుకొనుచున్న గృహస్థులు. కనుకనే ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయుటకు మనసొప్పదు.

వేసవి సెలవులు వచ్చినతోడనే ఇంగ్లండునుండి కుటుంబములు గాలపుకర్రలను, గుడారములను, వంటసామానును, పిల్లల ఆటవస్తువులను కార్లలో నింపుకొని, సముద్రము దాటి, ఫ్రాన్సుదేశపు పల్లెచెరువులకు చేరుకొనును. చెరువు ఒక ఆసామి సొంతము. చుట్టును కంచె, ఒడ్డున ఒక కొయ్యయిల్లు. శనివారము మొదలు మరుసటి శనివారము వరకు ఆ జలాశయమంతయు ఒక్క కుటుంబమునకే అద్దెకు దొరకును. అందు పెరుగు చేప కార్పు. మనవారు బంగారుతీగ అనునది ఇదియే. 1939లో సింహళమునుండి ఉదకమండలమునకును, 1957లో బాంకాకునుండి కటకమునకును తేబడిన సంతతులు క్రమముగా దేశమంతటను వ్యాపించి, కొల్లేటి ప్రాంతపు చెరువులలో బొచ్చె, శీలావతుల సరసన చేరినవి. అక్కడ దానిని పట్టినవాడును తూకము వేయును గాని, తూచిన పిదప నీటిలో విడువడు. ఫ్రాన్సునందును మొదట ఇది తినుటకై పెంచిన చేపయే. బ్రెన్, దోంబ్ అను ప్రాంతములలోని వందలకొలది చెరువులు మధ్యయుగములందు క్రైస్తవ సన్న్యాసులును ప్రభువులును త్రవ్వించినవి. మాంసము నిషిద్ధమైన ఉపవాసదినములలో చేప తినుట మతసమ్మతము గనుక మఠములకు చెరువు అవసరమయ్యెను. తపస్వుల ఆహారనియమమునుండి పుట్టిన జలములలో కొన్నింటి ఒడ్డుననే నేడు గృహస్థులు తినుటకు కాని చేపకై రాత్రులు మేల్కొనుచున్నారు.

ఇంగ్లండులో నివసించు మా అమ్మాయి కుటుంబముతో అట్టి చెరువొకదానికి నేను వెళ్లుట తటస్థించెను. మా అల్లుడు ఆ దేశమునకు వచ్చిన తరువాత ఈ విద్య అలవరచుకొన్నవాడు. మనుమడు తండ్రికి శిష్యుడు. ఒకనాటి తెల్లవారుజామున కర్రకు అమర్చిన చిన్న యంత్రము ఎడతెగక కూయసాగెను. అల్లుడు చెప్పులైన తొడుగుకొనక పరుగెత్తి, కర్ర పైకెత్తి, దానిని కుమారుని చేతికిచ్చి తాను వెనుకకు తొలగెను. చాలసేపటికి చేప వలలోనికి వచ్చెను. పిదప జరిగినదానిని నేను మిక్కిలి దగ్గరనుండి చూచితిని. నేలపై మెత్తని పరుపు పరచి దానిని ముందే నీటితో తడిపిరి. పొడిచేయి తగిలిన చేప మేనిపై జిగురుపొర ఊడునని పిల్లవాడు మోచేతులవరకు తడుపుకొనెను. చెల్లెలు తడిగుడ్డతో దాని కన్ను కప్పెను. అది అద్దపు కార్పు అను జాతిది. ఒడలంతయు నున్నగానుండి, వెన్నువెంబడి మాత్రము పెద్దపెద్ద పొలుసులు రాగిరేకుల వలె ఒకదాని ప్రక్కనొకటి అమరియుండెను. పండ్లులేని మెత్తని నోరు, రెండు ప్రక్కల మీసములు. క్రింది పెదవిలో గాలము. అల్లుడు దానిని ఒక్క మెలికతో తీసివేయగా మా అమ్మాయి చిన్న సీసానుండి ఆ రంధ్రముపై మందుచుక్క వేసెను. తూచిరి, పందొమ్మిది కిలోలు. జారినను పరుపుపైననే పడునట్లు పిల్లవాడు మోకాళ్లపై కూర్చుండి దానిని ఎత్తుకొనగా ఛాయాచిత్రము తీసిరి. పిమ్మట నీటిలో దింపి, తోక తనంతట తాను కదలువరకు నిటారుగా పట్టుకొని, వదలిరి.

ఆ ముఖములలోని సంతోషమును నేను శంకించను. తండ్రియు కొడుకును రాత్రులు ఒక్క గుడారమున నిద్రించుట, మాటలాడక గంటలకొలది ప్రక్కప్రక్కల కూర్చుండగలుగుట, గాలి దిక్కును, నీటి వేడిమిని, బుడగలు లేచు చోటును గమనించుట అల్పవిషయములు కావు. అయినను నా మొగము చూచి పిల్లవాడు అడిగెను: "తాతగారూ, మనం దాన్ని చంపలేదు, తినలేదు, మందు కూడా వేశాం. మరి ఇందులో తప్పేముంది?"

వాని ప్రశ్నలో ఒక చరిత్ర యిమిడియున్నది. 1952 సెప్టెంబరు 13న ఇంగ్లండునందలి రెడ్‌మైర్ అను చిన్నకొలనులో రిచర్డ్ వాకర్ నలువదినాలుగు పౌనుల కార్పును పట్టగా, ఆ దేశమున అంతటి కార్పును అంతకుముందెవ్వరు పట్టియుండలేదు గనుక దానిని లండను జంతుప్రదర్శనశాలకు తరలించిరి. అది అచ్చటి అద్దపుతొట్టిలో 1971 వరకు జీవించెను. నేటి గాలగాండ్రలో ఏ ఒక్కడును తాను పట్టిన పెద్దచేపను అట్లు తొట్టిపాలు చేయుటకు ఒప్పుకొనడు. ఫ్రాన్సునందు అరువది సెంటీమీటర్లకు మించిన కార్పును వినోదార్థము చేపలుపట్టువాడు ప్రాణముతో రవాణా చేయరాదని చట్టమే కలదు. పరుపు, తడిగుడ్డ, మందుసీసా, ఇవన్నియు ఇటీవలి తరముల మనస్సాక్షినుండి వెలువడినవి. ఇది సంస్కారమని నేను మనఃపూర్వకముగా అంగీకరింతును.

కాని ఇదే పనిని సరిహద్దుకు ఆవల మరొక దృష్టితో చూతురు. నిష్కారణముగా ప్రాణికి నొప్పి గాని, బాధ గాని, హాని గాని కలిగింపరాదని జర్మనీలో 1972 నాటి జంతురక్షణశాసనము చెప్పును. తినుటకు పట్టుట కారణమగును గాని, విడుచుటకే పట్టుట కారణము కాజాలదని అక్కడ సాధారణముగా గ్రహింతురు. స్విట్జర్లండులో 2008 నాటి నిబంధనలు విడుచు ఉద్దేశముతో గాలము వేయుటను స్పష్టముగా నిషేధించినవి. మా మనుమడు పుణ్యమనుకొన్న విడుపే అక్కడ అపరాధమునకు సాక్ష్యమగుచున్నది! మొదట విన్నప్పుడు ఇది విపరీతముగా తోచును. ఆలోచించినకొలది ఆ శాసనకర్తలు అడిగిన ప్రశ్న సరియైనదని తెలియును: చేప బ్రతికినదా అని కాదు, దానిని ఎందుకు పట్టితివి అని.

పతంజలి యోగసూత్రములకు భాష్యము వ్రాసిన వ్యాసుడు అహింసకు కలుగు పరిమితులను చెప్పుచు, మొదటి ఉదాహరణముగా చేపలుపట్టువానినే తీసికొనెను. వాని హింస చేపలయెడనే గాని ఇతరజాతులయెడ లేదు. కనుక వాని అహింస జాతిచేత పరిమితమైనదనియు, మహావ్రతము కాలేదనియు ఆయన అభిప్రాయము. అందు తిరస్కారము లేదు. భారతమున మిథిలానగరపు ధర్మవ్యాధుడు మాంసము అమ్ముచునే బ్రాహ్మణునకు ధర్మోపదేశము చేసెను. నాగలి సాలులో సైతము ప్రాణులు చచ్చునని అతడు గుర్తుచేసెను. కులవృత్తిగా వల వేయువాని హింసకు అవసరము ఒక గట్టు కట్టుచున్నది. బుట్ట నిండినపిదప అతడు ఇంటికి పోవును. వినోదార్థము గాలము వేయువానికి బుట్ట లేదు. ఒక చేప తరువాత మరియొకటి. ఇరువది కిలోల పిదప ఇరువదియైదు. అతని కోరికకు తానే గట్టు కట్టుకొనవలెను.

ఆ భాష్యమే మరియొకచోట హింసకు మూడు మూలములను విడదీసినది. లోభమువలన చేయు హింస మాంసచర్మములకొఱకు. క్రోధమువలన చేయునది వీడు నాకు అపకారము చేసెనను భావమున. మోహమువలన చేయునది ఇందువలన నాకు ధర్మము కలుగునను తలంపున. మా చెరువుగట్టున మాంసలోభము లేదు, క్రోధము అసలే లేదు. మూడవదాని విషయమున మాత్రము నాకు సంశయము తీరలేదు. మందుచుక్క వేసిన క్షణమున ఆ కుటుంబమంతటి హృదయములందును ఉదయించిన తృప్తి, ఒక ప్రాణికి ఉపకారము చేసితిమను తృప్తి, నాకు స్పష్టముగా కనబడినది. గాయము మనది, దయయు మనదే. మొదటిది లేనిచో రెండవదానికి అవకాశమే లేదు. దయ సత్యమైనంతమాత్రమున అది తనకు తానై తెచ్చిపెట్టుకొన్న సందర్భము నిర్దోషము కాజాలదు.

"నొప్పి ఉంటే మళ్లీ మళ్లీ ఎందుకు వస్తాయి, మామయ్యగారూ? ఈ చేపనే ఏటా ఎవరో ఒకరు పడుతూంటారు" అని అల్లుడు వాదించెను. గాలగాండ్రందరును చెప్పు ప్రబలయుక్తి ఇదియే. 2003లో స్నెడ్డన్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును ట్రౌట్ చేప ముఖమునందు హానిని గ్రహించు నాడీతంతువులు కలవని నిరూపించిరి. ఆ చేప దానిని మనవలె బాధగా అనుభవించునా అను చర్చ శాస్త్రజ్ఞులలో నేటికిని సాగుచున్నది. దానిని వారికే విడిచెదను. కాని అంతకు చాలముందే, 1970లో, హాలండు దేశీయుడు బ్యూకెమా కార్పుపై చేసిన ప్రయోగములను ప్రకటించెను: ఒక్కమారు గాలమునకు చిక్కిన చేప ఆ పిమ్మట చిరకాలము గాలమును తప్పించుకొని తిరుగునని తేలినది. చేపకు జ్ఞాపకము కలదు.

మరి నేడు మరల మరల చిక్కుటకు కారణమేమి? ఈ స్థలమున నాకు భాగవతములోని అవధూత స్ఫురించెను. యదువునకు తన ఇరువదినలుగురు గురువులను వర్ణించుచు ఆయన చేపను గూడ చేర్చెను; ఎరరుచికి లోబడి గాలమును మ్రింగి నశించు మీనమువలన జిహ్వను జయింపవలెనని నేర్చితిననెను. ఎన్ని తరములుగానో ఈ ఉపదేశము వినుచున్నాము. తప్పు చేపది, పాఠము మనది. కాని అల్లుడు చూపిన గాలము వేరు. 1980 ప్రాంతమున మిడిల్‌టన్, మాడక్స్ అను ఇంగ్లండు గాలగాండ్రు కల్పించిన పద్ధతి అది. ఉడికించిన పిండియుండను గాలమునకు గుచ్చరు. గాలపుకాడనుండి వ్రేలాడు సన్నని దారమునకు కట్టుదురు. కార్పు జాగరూకత గల ప్రాణి; అనుమానమున్న ఆహారమును లోనికి పీల్చి, పరీక్షించి, బయటికి ఊదివేయును. ఉండ బయటికి పోవుచుండగా దానివెనుకనున్న వట్టిగాలము మరలి క్రింది పెదవిలో దిగును. సీసపుగుండు బరువు దానిని బిగించును. అనగా చేప పట్టువడుచున్నది మ్రింగునప్పుడు కాదు, త్యజించునప్పుడు! విచారించి వలదనుకొన్న క్షణమే దానికి బంధనమగుచున్నది. అవధూత చేపకు ఆరోపించిన లౌల్యము ఇచట లేదు. ఉన్నది వివేకము, ఆ వివేకమును ఎరిగి దానినే ఉచ్చుగా మలచిన మానవుని మేధ. ఇక మనము చేపను చూచి నేర్చుకొనుట చాలించి, ఒడ్డున కూర్చున్నవానివైపు దృష్టి త్రిప్పవలసియున్నది.

మన పురాణములందును పట్టుట, విడుచుట కలవు. మనువు నదిలో నిలిచియుండగా దోసిట చిన్నచేప చేరి రక్షింపుమని వేడెను. అతడు దానిని కుండలో, బావిలో, గంగలో, తుదకు సముద్రములో విడిచెను. ప్రళయమున ఆ మత్స్యమే అతని నావను లాగికొనిపోయెను. మనుమడు ఈ కథ నెరుగును. "అదీ పట్టి వదలడమే కదా" అనెను. కాదు. అక్కడ అడిగినది చేప, ఇచ్చినవాడు మనువు. ఇక్కడ అడిగినది మనము. శృంగేరిలో తుంగాతీరమున, సోపానములమీద నిలిచినవారికి కార్పు కుటుంబమునకే చెందిన పెద్దచేపలు గుంపులుగా చేరువగును; యాత్రికులు పేలాలు చల్లుదురు; గాలము అచట నిషిద్ధము. చూచు ఆనందమే కావలసినచో అది అక్కడ కొరతలేక లభించునని వానికి చెప్పితిని.

అల్లుడు దీనికి ఇచ్చిన సమాధానము తీసివేయదగినది కాదు. "మామయ్యగారూ, అక్కడ చేప వస్తుంది, పేలాలు తిని పోతుంది. దాన్ని మీరు ఎరిగిందేముంది? ఇక్కడ ఒక్కొక్క చేపనీ పొలుసుతో సహా గుర్తుపడతాం, పేర్లు పెట్టుకుంటాం, చచ్చిపోతే ఏడుస్తాం. మేం అద్దె కట్టకపోతే ఈ చెరువు ఎండగట్టి చేపల్ని బజారుకు తోలేస్తారు" అనెను. ఆ మాటలు యథార్థములే. మన పళ్లెములోనికి వచ్చు బంగారుతీగను మనము ఒక్క క్షణమైనను ఎరుగము. కాని ఎరుక ఎంత గాఢమైనను, పెనుగులాడు దేహమును లొంగదీసిన తరువాతనే మొదలగు ఎరుకను స్నేహమని పిలుచుటకు నాకు నోరు రాదు; ఫలము మంచిదగుటచేత సాధనము శుద్ధమగునని మన శాస్త్రములు నాకు నేర్పలేదు.

పిల్లవాడు మా ఇద్దరి మాటలు వినుచు, "గాలం తీసేసి ఉత్త పిండుండలే వేస్తే?" అని తండ్రి నడిగెను. అల్లుడు కొంతసేపు ఆలోచించి, దాపరికము లేక, "అలాగైతే ఇంత దూరం వచ్చేవాణ్ణి కాదురా" అనెను. అంతటి నిజాయితీ గల మాటను నేను ఆక్షేపింపలేదు. మన విచారము మొదలిడవలసిన చోటు ఇదియే అని మాత్రము చెప్పితిని. ఆనాటి రాత్రి భోజనములైన పిదప మేము మువ్వురమును అక్కడనుండియే మొదలుపెట్టితిమి.