చెరిగిపోయిన బాధకు సాక్షి ఎవరు? – జపనీస్ వైజ్ఞానిక కల్పనా అనిమేలపై ఒక నైతిక పరిశీలన

సారాంశం

కాలం, జ్ఞాపకం, వాస్తవం అనే భావనలను తలకిందులు చేసే జపనీస్ వైజ్ఞానిక అనిమేలను సాధారణంగా వాటి సంక్లిష్టతను బట్టి మెచ్చుకుంటారు. ఆ కొలమానం చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఎవరికీ గుర్తులేని బాధ బాధేనా అన్న ప్రశ్నను ఆధారం చేసుకుని నాలుగు ప్రసిద్ధ రచనలను పరిశీలిస్తుంది. ఉత్తమమైన వాటిలో అద్భుతం అంగంగా, కరుణ అంగిగా ఉంటాయని, ప్రేక్షకుడు కేవలం చిక్కుముడి విప్పేవాడుగా కాక సాక్షిగా మారతాడని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: అనిమే, వైజ్ఞానిక కల్పన, అద్భుత రసం, కరుణ, జ్ఞాపకం, సాక్షి, సమ్మతి.

1. ప్రవేశిక

జపాన్‌లో రూపొందే యానిమేషన్ చిత్రాలకు, ధారావాహికలకు 'అనిమే' అన్న పేరు ప్రపంచమంతటా స్థిరపడింది. వీటిలో వైజ్ఞానిక కల్పన ఒక ప్రధాన శాఖ. ఆ శాఖలోనూ మరీ విచిత్రమైన రచనలను ప్రత్యేకంగా వెతుక్కుని చూసే ప్రేక్షకవర్గం ఒకటి ఉంది. ఈ ప్రేక్షకుడు కథ సుఖాంతమా, దుఃఖాంతమా అని అడగడు. బుర్ర తిరిగిపోవాలి, చూశాక రెండు రోజులు నిద్రపట్టకూడదు అంటాడు. అతని వెతుకులాటలో ఒక అనిమే ఎంత అయోమయంగా ఉంటే అంత గొప్పది.

ఈ కోరికను చిన్నచూపు చూడనక్కర లేదు. తెలిసిన లోకం నిలకడైనది కాదేమో అన్న అనుమానం తత్త్వచింతనకు తొలిమెట్టు. అయితే అయోమయం తనంతట తానే విలువ అవుతుందా? ముడి ఎంత గట్టిగా పడిందన్నది నేర్పుకు కొలత కావచ్చు. ఆ ముడి ఎవరి మెడకు పడిందన్నది వేరే ప్రశ్న. విమర్శ తరచుగా మొదటిదాని దగ్గరే ఆగిపోతోంది. ఈ వ్యాసం రెండవదాన్ని చేపడుతుంది.

2. అద్భుతం – భ్రాంతి – జ్ఞాపకం

ఆలంకారికులు అద్భుత రసానికి విస్మయాన్ని స్థాయీభావంగా చెప్పారు. సందేహం, భ్రాంతి అలంకారాలుగా కూడా లెక్కకు వచ్చాయి. అయితే భ్రాంతిమదలంకారంలో పొరపడేది కావ్యంలోని పాత్ర, పాఠకుడు కాదు. పాఠకునికి నిజం తెలుసు కనుకనే ఆ పొరపాటులోని సాదృశ్యం అతనికి సౌందర్యంగా తోస్తుంది. ఇక్కడ పరిశీలిస్తున్న అనిమేలు ఈ రక్షణను తీసివేస్తాయి. పాత్రతో పాటు ప్రేక్షకుడూ పొరపడతాడు. తాను చూసిన దృశ్యం జరిగిందో లేదో కొన్ని భాగాలు గడిచేదాకా అతనికి తెలియదు.

ప్రబంధ పాఠకునికి ఈ తికమక పూర్తిగా కొత్త కాదు. పదహారవ శతాబ్దపు పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో రంభ రూపం దాల్చిన కలభాషిణి, నలకూబరుని రూపం దాల్చిన మణికంధరుడు ఒకరినొకరు అసలువారనుకుంటారు. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూలోకంలో జరిగి తీరవలసిన జీవితమవుతుంది. అయినా అక్కడ ఒక భరోసా ఉంది. ఏదీ పోదు. పసిపాప మధురలాలస నోట పూర్వజన్మ వృత్తాంతం వెలువడుతుంది. దేహం మారినా జ్ఞాపకం తిరిగివస్తుంది, చిక్కులన్నీ వరుసగా విడిపోతాయి.

ఆధునిక వైజ్ఞానిక అనిమేలో సరిగ్గా ఈ భరోసాయే లేదు. మరణాన్ని కూడా దాటి ప్రబంధంలో నిలిచిన జ్ఞాపకం ఇక్కడ బతికి ఉండగానే చెరిగిపోతుంది, లేదా దాని స్థానంలో మరొకటి వచ్చి చేరుతుంది. చెరిగిన దానికి, చేరిన దానికి బాధ్యులెవరన్న నైతిక ప్రశ్న అక్కడే పుడుతుంది. కింది నాలుగు రచనలు ఈ ప్రశ్నను నాలుగు స్థితులలో చూపుతాయి: మోసం, అజ్ఞానం, సమ్మతి, దయ.

3. మోసం: లేని కూతురి కోసం దుఃఖం

మమొరు ఒషీ దర్శకత్వంలో 1995లో వచ్చిన 'ఘోస్ట్ ఇన్ ద షెల్' చిత్రానికి మసమునే షిరో చిత్రకథ ఆధారం. దేహమంతా యంత్రమైన పోలీసు అధికారిణి మొతోకో కుసనాగి తనలో 'తాను' అన్నది ఎంతవరకు మిగిలి ఉందని ప్రశ్నించుకోవడం, చివరికి ఒక కృత్రిమ మేధతో ఏకం కావడం ఇందులో ప్రధాన ఇతివృత్తం. ఈ చిత్రంపై సాగే చర్చ చాలావరకు ఆమె చుట్టూనే తిరుగుతుంది.

కానీ చిత్రంలో అత్యంత కఠినమైన సన్నివేశం ఆమెది కాదు, ఒక చెత్తబండి కార్మికునిది. విడిపోతున్న భార్య మనసు తెలుసుకోవడానికి సాయపడుతుందని నమ్మి అతడు ఒక నేరగానికి పనిముట్టుగా మారతాడు. పట్టుబడ్డాక పోలీసులు అతనికి అసలు సంగతి చెబుతారు. అతనికి భార్య లేదు, కూతురు లేదు. ఆ జ్ఞాపకాలన్నీ ఎవరో మెదడులోకి ఎక్కించినవి. కూతురిదని తోటి పనివాడికి చూపించిన ఫోటోలో ఉన్నది అతడే. ఆ అబద్ధపు జ్ఞాపకాలను తీసివేయడానికి వీలుంటుందా అని అతడు అడుగుతాడు. ఆశపడదగిన జవాబు దొరకదు.

ఇక్కడ బాధకు కారణమైన సంఘటన అబద్ధం. బాధ మాత్రం అబద్ధం కాదు. దుఃఖానికి ఆలంబనం లేకపోయినా దుఃఖం ఉంది. 'నేను' అంటే ఏమిటన్న ప్రశ్న కుసనాగికి తత్త్వచింతన. అదే ప్రశ్న ఆ కార్మికునికి కుటుంబాన్ని పోగొట్టుకోవడం, అదీ ఎన్నడూ లేని కుటుంబాన్ని. చిత్రం అతణ్ణి మళ్ళీ పట్టించుకోదు. ప్రేక్షకుడు కూడా పెద్ద ప్రశ్న వెంట వెళ్ళి అతణ్ణి మరిచిపోతే, మోసపోయినవాడు రెండవసారి నష్టపోయినట్టే.

4. అజ్ఞానం: పదిహేను వేల వేసవులు

నగారు తనిగావా నవలల ఆధారంగా క్యోటో యానిమేషన్ సంస్థ నిర్మించిన 'హరుహి సుజుమియా' ధారావాహికలో 2009 వేసవిలో ఒక అసాధారణ ప్రయోగం జరిగింది. 'ఎండ్‌లెస్ ఎయిట్' పేరుతో దాదాపు ఒకే కథ వరుసగా ఎనిమిది భాగాలుగా ప్రసారమైంది. పాత బొమ్మలనే తిరిగి వాడలేదు. ప్రతి భాగాన్ని కొత్తగా గీశారు, సంభాషణలను కొత్తగా పలికించారు. దుస్తులు, దృశ్యకోణాలు మారాయి. జరిగేది మాత్రం అదే: ఈత, బాన్ పండుగ నృత్యం, బాణసంచా, సికాడాలు పట్టడం, వేసవి సెలవుల ఆఖరి రోజు.

హరుహి అనే అమ్మాయికి లోకాన్ని తన కోరిక మేరకు మార్చగల శక్తి ఉంది. ఆ సంగతి ఆమెకే తెలియదు. సెలవులలో ఏదో మిగిలిపోయిందన్న వెలితితో ఆమె ఆగస్టు ఆఖరి రెండు వారాలను మళ్ళీ మళ్ళీ మొదటికి తెస్తుంది. మిగిలిన వారందరికీ ప్రతిసారీ అది మొదటిసారే. యుకి నగాతో అనే ఒక్క పాత్రకు మాత్రం అన్నీ గుర్తుంటాయి. చివరి ఆవృత్తి 15,532వది. రోజులుగా లెక్కిస్తే అది దాదాపు ఆరు వందల సంవత్సరాలు.

ఎనిమిది వారాల ఈ ప్రసారం చాలామంది ప్రేక్షకులకు విసుగు, కోపం తెప్పించింది. ఆ విసుగు న్యాయమైనదే. నైతికంగా దానికి ఒక ప్రయోజనం కూడా ఉంది. ఆరు శతాబ్దాల ఒంటరితనాన్ని ఒక వాక్యంలో చెబితే అది సంఖ్యగానే మిగిలేది. ఎనిమిది భాగాల విసుగు ఆ సంఖ్యలో అణువంత భాగాన్ని ప్రేక్షకుని చేత మోయిస్తుంది. నగాతోతో పాటు పునరావృత్తి గుర్తున్నవాడు అతడొక్కడే.

ఇక్కడ దోషి ఎవరు? హరుహికి తెలియదు. తెలియని హానికి నింద ఉండకపోవచ్చు, బాకీ మాత్రం ఉంటుంది. 2010లో వచ్చిన 'హరుహి సుజుమియా అదృశ్యం' చిత్రంలో ఆ బాకీ బయటపడుతుంది. అంతవరకు మౌనంగా గమనిస్తూ వచ్చిన నగాతో లోకాన్నే మార్చివేస్తుంది. ఆమె భారాన్ని ఎవరూ గుర్తించలేదన్న ఎరుక కథానాయకుడు క్యోన్‌కు అప్పుడు కలుగుతుంది. మరిచిపోయినవారి నిర్దోషిత్వం గుర్తున్న ఒక్కరి మీద బరువుగా పడిందని ఆ చిత్రం తేల్చి చెబుతుంది.

5. సమ్మతి: తండ్రిని రెండవసారి పోగొట్టుకోవడం

2009 నాటి వీడియో గేమ్ ఆధారంగా 2011లో 24 భాగాలుగా వచ్చిన 'స్టైన్స్ గేట్' టోక్యోలోని అకిహబారా ప్రాంతంలో జరుగుతుంది. ఒకాబే రింతారో, అతని మిత్రులు గతానికి సందేశం పంపగల పరికరాన్ని అనుకోకుండా కనిపెడతారు. ఒక్కొక్కరు ఒక్కొక్క కోరికతో ఒక్కొక్క సందేశం పంపుతారు. లోకం మారిపోతుంది. మారిందని ఒకాబేకు తప్ప ఎవరికీ తెలియదు. చిన్ననాటి నేస్తం మయూరి మరణాన్ని తప్పించాలంటే ఆ సందేశాలన్నిటినీ ఒక్కొక్కటిగా రద్దు చేయాలి.

ఫేరిస్ పంపిన సందేశం ఫలితంగా విమాన ప్రమాదంలో చనిపోయిన ఆమె తండ్రి బతికి ఉంటాడు. పదేళ్ళ జీవితం అతనితో గడిచిపోయింది. దాన్ని రద్దు చేయడమంటే ఒక మయూరి కోసం ఒక తండ్రిని మృత్యువుకు అప్పగించడం. లెక్క చూసుకుంటే ప్రాణానికి ప్రాణం. కానీ కథ లెక్కతో ఆగదు. ఫేరిస్‌కు విషయం చెబుతారు. ఆమె ఆలోచించి, ఏడ్చి, ఒప్పుకుంటుంది. సమ్మతి నష్టాన్ని తగ్గించదు, ఆ నష్టానికి గౌరవాన్ని ఇస్తుంది. రద్దయిన తర్వాత ఆమెకు ఆ త్యాగం తెలియదు. తెలిసినవాడు ఒకాబే, అతనితో పాటు ప్రేక్షకుడు.

మరొక అంశం కూడా ఇందులో ముఖ్యం. చివరి భాగాలలో భవిష్యత్తు నుంచి వచ్చిన సందేశం ఒకాబేకు ఒక షరతు పెడుతుంది. పడిన కష్టాన్ని పడనట్టుగా మార్చరాదు. ఆ వారాల వేదన వల్లనే ఈ సంకల్పం పుట్టింది. కాలాన్ని దిద్దగల శక్తి చేతిలో ఉన్నా, బాధను తుడిచివేసి సాధించిన సుఖం నిలవదన్నది ఈ షరతులోని భావం.

6. దయ: అడగకుండా చెరిపివేయడం

ర్యుతారో నకమురా దర్శకత్వంలో, చియాకి కొనాకా రచనతో 1998లో వచ్చిన 'సీరియల్ ఎక్స్‌పెరిమెంట్స్ లెయిన్' 13 భాగాల ధారావాహిక. ప్రతి భాగాన్ని 'పొర' అని పిలుస్తారు. చనిపోయిన సహవిద్యార్థిని పేరుతో వచ్చిన ఈమెయిల్‌తో మొదలైన కథ, 'వైర్డ్' అనే అల్లికకు, వాస్తవలోకానికి మధ్య హద్దు చెరిగిపోయేదాకా సాగుతుంది. గుర్తులేనిది జరగనట్టే అన్న సూత్రం ఇందులో పదేపదే ఎదురవుతుంది.

లెయిన్ స్నేహితురాలు అరిసు రహస్యం బయటపడి అవమానం పాలవుతుంది. దేహం అనవసరమని నమ్మిన లెయిన్ చేతిని అరిసు తన గుండె మీద పెట్టుకుంటుంది. భయంతో కొట్టుకునే ఆ గుండె చప్పుడు సిద్ధాంతాలన్నిటికీ జవాబు. ఆ తర్వాత లెయిన్ అందరి జ్ఞాపకాల నుంచి తనను తాను తొలగించుకుంటుంది. అరిసు అవమానం లేదు, స్నేహితురాలు కూడా లేదు. పెద్దదైన అరిసుకు చివర లెయిన్ ఎదురైనప్పుడు ఎక్కడో చూసిన ముఖమని మాత్రమే తోస్తుంది.

ఇది నాలుగింటిలోకీ కష్టమైన స్థితి. లెయిన్ చేసింది స్వార్థం కాదు. మూల్యమంతా తానే చెల్లించింది. కానీ ఫేరిస్‌ను అడిగారు, అరిసును అడగలేదు. దుఃఖం పోవాలంటే స్నేహం కూడా పోవాలని చెప్పి ఉంటే అరిసు ఒప్పుకునేదా? గుండె మీద చేయి పెట్టించుకున్న మనిషి ఒప్పుకోకపోయి ఉండవచ్చు. ఒకరి బాధను వారికి చెప్పకుండా తీసివేసే దయలో, ఆ బాధ వారిది అన్న గుర్తింపు లోపిస్తుంది. దయ తప్పు కాకపోయినా అది అసంపూర్ణం.

7. ఒక ఆక్షేపణ

కళను నీతి తూకంతో తూచడం సరికాదని ఆక్షేపించవచ్చు. మమొరు ఒషీయే 1985లో రూపొందించిన 'ఏంజెల్స్ ఎగ్'లో మాటలు అతి తక్కువ. నిర్జన నగరం, గుడ్డును కాపాడుకునే బాలిక, అర్థానికి లొంగని దృశ్యాలు. అక్కడ నియమమూ లేదు, దాన్ని మోసే వ్యక్తి ఎవరన్న ప్రశ్న నేరుగా తలెత్తదు. అయినా అది గొప్ప చిత్రమే. అద్భుతం స్వతంత్రంగా అంగిరసం కావచ్చు. ఈ వ్యాసం దాన్ని కాదనదు.

చెప్పదలచినది పరిమితమైనది. కథ ఒక వింత నియమాన్ని కల్పించి, ఆ నియమం కింద మనుషులను నిలబెట్టినప్పుడు, వారికేమైందన్నది కథకు బయటి ప్రశ్న కాదు. కాలం వెనక్కి తిరుగుతుందన్న నియమం ఎంత చమత్కారమైనదైనా, దాని అర్థం నగాతో మౌనంలో, ఫేరిస్ కన్నీటిలో తెలుస్తుంది తప్ప పటాలు గీసి వివరించే కాలరేఖలలో కాదు. విస్మయం శోకానికి దారి తీసినచోట అద్భుతం కరుణకు అంగమవుతుంది. అలా కానిచోట అది చదరంగపు ఎత్తుగా మిగులుతుంది. మెచ్చుకోవచ్చు గానీ దానికి సాక్ష్యం పలకవలసిన పని ఉండదు.

8. ఉపసంహారం

నాలుగు రచనలలోనూ లోకం తన తప్పును తానే తుడిచివేసుకుంటుంది. కార్మికుని కేసు ముగుస్తుంది, వేసవి సెలవులు అయిపోతాయి, అకిహబారా మామూలుగా ఉంటుంది, అరిసు సుఖంగా ఉంటుంది. ఆ లోకాలలో ఎవరిని అడిగినా ఏమీ జరగలేదనే అంటారు. జరిగిందని చెప్పగలిగినవాడు వాటి బయట ఉన్న ప్రేక్షకుడు.

ఎవరికీ గుర్తులేని బాధ బాధేనా అన్న ప్రశ్నకు ఈ అనిమేల జవాబు స్పష్టం. బాధ ఉండటానికి జ్ఞాపకం అవసరం లేదు. దానికి న్యాయం జరగడానికి జ్ఞాపకం అవసరం. కనుక విచిత్రమైన అనిమే కోసం వెతికే ప్రేక్షకుడు వేసుకోవలసిన ప్రశ్న ఇది ఎంత అర్థం కాకుండా ఉంటుందన్నది కాదు, అర్థమయ్యాక ఇందులో ఎవరిని గుర్తుంచుకోవలసి ఉంటుందన్నది. ముడి విడిపోయాక కూడా మరపురాని మనిషి ఒకరు మిగిలితే ఆ వెతుకులాట ఫలించినట్టు.