ధ్రువతార కదలునా?

వివాహమున వరుడు వధువునకు ధ్రువుని, అరుంధతిని చూపుట గృహ్యసూత్రములు విధించిన ఆచారము. ధ్రువునివలె స్థిరముగా నుండవలెనని దాని భావము. నేడు విజ్ఞానశాస్త్రము చదువుచున్న పిల్లలు ఇచట ఒక ప్రశ్న వేయుచున్నారు. ధ్రువతారయే స్థానము తప్పునప్పుడు, దానిని సాక్షిగా చూపి స్థిరత్వమును కోరుట అసత్యము కాదా?

ఈ ప్రశ్నకు మూలము సత్యమునందలి శ్రద్ధ. కావున దీనిని గద్దించి త్రోసివేయరాదు. “ఇదియంతయు మన గ్రంథములలో ముందే యున్నది” అని తేలికగా దాటవేయనురాదు. మొదట విషయము నెరుగవలెను.

భూమి మధ్యభాగము కొంచెము ఉబ్బియున్నది. సూర్యచంద్రుల ఆకర్షణ ఆ ఉబ్బుపై పనిచేయుటచే, వేగము తగ్గిన బొంగరము తల త్రిప్పునట్లు, భూమి యక్షము మెల్లగా దిశ మార్చుచుండును. ఈ మార్పు సుమారు 72 సంవత్సరములకు ఒక డిగ్రీ. ఒక ఆవృత్తికి దాదాపు 26,000 సంవత్సరములు పట్టును. నేటి ధ్రువతార ఆకాశపు ఉత్తరధ్రువబిందువునకు ఒక డిగ్రీ లోపుననే యున్నది. సుమారు 5,000 సంవత్సరముల క్రిందట వేరొక నక్షత్రము ఆ బిందువు చెంత నుండెను. మరి 12,000 సంవత్సరములకు మన అభిజిత్తు దానికి చేరువ యగును.

దీనికి నిదర్శనము మన యిండ్లలోనే కలదు. లగధుని వేదాంగజ్యోతిషమున ఉత్తరాయణారంభము ధనిష్ఠాదియందు చెప్పబడినది. నేడు సూర్యుడు ఉత్తరమునకు మరలునది మూలా నక్షత్రమున, డిసెంబరు 21 లేక 22వ తేదీన. మకర సంక్రాంతిని మనము జరుపుకొనునది జనవరి 14 లేక 15న. నడుమనున్న మూడు వారములకు పైబడిన యంతరము ఈ చలనము వలన కలిగినదే.

అట్లయిన పురాణము అసత్యమా? కాదు. విష్ణుపురాణమున భగవానుడు ధ్రువునకు అనుగ్రహించిన స్థానము కల్పాంతము వరకే గాని శాశ్వతము కాదు. భాగవతమున ధ్రువుడు వరము పొంది మరలివచ్చుచు, మోక్షప్రదాతను దర్శించియు నశ్వరమైన పదమును కోరితినే యని పశ్చాత్తాపపడెను. నక్షత్రపదము పరమపదము కాదని ధ్రువుడే యెరిగెను. సవతితల్లి మాటకు నొచ్చి అడవికేగిన బాలుని యందు స్థిరమైనది అతడు పొందిన చోటు కాదు, హరియందు నిలిపిన చిత్తము.

శాస్త్రజ్ఞులు స్థూలారుంధతీ న్యాయమును చెప్పుదురు. అరుంధతి సన్నని తార. చూపువాడు ముందు ప్రక్కనున్న ప్రకాశవంతుడైన వసిష్ఠుని చూపి, దృష్టి నిలిచిన పిదప అరుంధతిని చూపును. మొదట చూపినది అబద్ధము కాదు. కాని యచటనే ఆగినవాడు అరుంధతిని చూడజాలడు. ధ్రువతారయు నట్టిదే. అది స్థిరచిత్తమునకు గురుతు.

మరియొక విశేషము కలదు. నక్షత్రములకు స్వీయగతి కొంత యున్నను, ధ్రువస్థానము మారుటకు ముఖ్యకారణము మనము నిలిచిన భూమి యొరిగిన దిశ మారుటయే. దంపతుల విషయమున నిది గమనింపదగినది. “స్థిరముగా నుండు” మని చూపు వ్రేలు తాను స్థిరముగా నున్నదా యని వరుడు ముందుగా విచారించుకొనవలెను. ప్రమాణము వధువునకు మాత్రమే కాదు.

కావున పిల్లలకు రెండును చెప్పవలెను. ఆకాశసత్యమును మనము దాచినచో, అది బయటపడిన నాడు పురాణసత్యమును గూడ వారు విడిచిపెట్టుదురు. ఆ నష్టమునకు బాధ్యులము మనమే. పగటి ముహూర్తములలో కనబడని తారను చూచితినని పలికించుట కంటె, ఆ రాత్రి నూతన దంపతులను మేడపైకి పంపి ఉత్తరదిక్కున నిజముగా చూపుట మేలు. తిరుమల నుండి చూచినచో ధ్రువతార దిక్చక్రమునకు సుమారు 14 డిగ్రీల యెత్తున మాత్రమే యుండును. కొండయో చెట్టో అడ్డము రాని తావు వెదకవలెను. కన్నులకు కదలెడు తారను, మనస్సునకు కదలని హరిని చూపగలిగినపుడే ఆ ఆచారము సార్థకమగును.