తులాధారుడి తక్కెడ

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే ముని కనిపిస్తాడు. జడల్లో పిట్టలు గూడు కట్టి పిల్లలు చేసినా కదలకుండా నిలబడ్డవాడు. ధర్మం తనకు చిక్కిందని ఆయన పొంగిపోతుంటే, కాశీలో సరుకులమ్ముకునే తులాధారుడి దగ్గర నేర్చుకోవలసింది ఇంకా ఉందని ఆకాశవాణి పంపింది. ఆ వర్తకుడు చూపిన ధర్మం తన తక్కెడ. ఎవరొచ్చినా అది ఒకేలా తూగుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం బజార్లలో పట్ట పరుచుకునో బండి పెట్టుకునో కూరగాయలమ్మేవాళ్లను చూస్తే ఈ కథ పాతదనిపించదు. తెల్లవారకముందే అప్పు సొమ్ముతో సరుకెత్తాలి. కొత్తిమీర వాడకుండా తడిగోనె కప్పి, మళ్లీ మళ్లీ నీళ్లు చిలకరించాలి. 2023 జూలైలో టమోటా కిలో వంద దాటినప్పుడు కిలో కొనేవాళ్లు పావుకిలోకు దిగారు. ధర పడిపోయిన రోజుల్లో మిగిలిన సరుకు కుళ్లిపోతుంది. ఎటు చూసినా కోతే. అందులోంచే కొడుకు ఫీజుకూ, కూతురి హాస్టలుకూ తీసి పక్కన పెడుతున్నారు. ఇది తపస్సు కాకపోతే ఆ మాటకు అర్థం లేదు.

ఇది మమకారమే కదా, గీత ఫలాపేక్ష వద్దంది కదా అని కొందరంటారు. ఇక్కడ ఫలం ఎవరికి దక్కుతోంది? చదువైన పిల్లలు బెంగళూరుకో చెన్నైకో వెళ్లిపోతారు, అమ్మానాన్నల బండి మాత్రం బజారు మూలనే ఉంటుంది. వీళ్లకు కోరిక లేదని నేననను. ఆ కోరికలో తమ వాటా అడగడం లేదు, అంతే. పైగా ముల్లు సరిగ్గా నిలిచాక కూడా ఇంకో టమోటా వేసి, కరివేపాకు రెబ్బ కొసరిస్తారు. తులాధారుడు సమంగా తూచాడు, వీళ్లు ఒక మెట్టు పైకెక్కారు.

పేదరికానికి పూలదండ వేసి చేతులు దులుపుకుంటున్నామన్నది రెండో ఆక్షేపణ. ఇది బరువైనదే. కానీ తపస్సును కాపాడటం రాజధర్మమని చెప్పిందీ మన పురాణాలే. విశ్వామిత్రుడి యాగానికీ రాముడు కావలి కాయవలసి వచ్చింది. సర్వే చేసి ధ్రువపత్రాలివ్వకుండా వీధి వర్తకులను ఖాళీ చేయించకూడదని 2014 చట్టం చెబుతోంది. అది అమలు కావాలి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వేళకు అందాలి. మదనపల్లెలో అనిబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ ఉంది, కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. చదువు ఊళ్లోనే ఉంది, దూరమంతా డబ్బుది. మనవంతుగా, రేపు బండి దగ్గర చెప్పిన ధర ఇచ్చేయండి. కొసరు అడగకండి, ఇస్తే దండం పెట్టి తీసుకోండి.