రెండు రోజుల ప్రయాణం – భార్య హక్కు

శని, ఆదివారాలు భార్యాభర్తలిద్దరే కౌలాలంపూర్ వెళ్ళి రావడం దుబారా అవుతుందా? హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల సోదరులు ఈ మధ్య మమ్మల్ని ఇలా అడుగుతున్నారు. 2023 డిసెంబరులో మలేషియా ప్రభుత్వం మన దేశస్థులకు వీసా లేకుండా ప్రవేశం కల్పించిన తర్వాత ఈ ఆలోచన చిన్న వ్యాపారుల ఇళ్ళలోకీ వచ్చింది. దేవనహళ్ళి విమానాశ్రయం నుంచి సుమారు నాలుగు గంటల ప్రయాణం. ఒకప్పుడు తెలుగువారు అదే సముద్రం దాటి మలయా రబ్బరు తోటల్లో కూలికి వెళ్ళారు. ఇప్పుడు సెలవు గడపడానికి వెళుతున్నారు.

ఆ డబ్బు ఉమ్రాకు దాచుకోరాదా అని పెద్దలు కొందరు అంటారు. హజ్ విధి అయి కూడా వాయిదా వేస్తున్నవారు ఈ మాట తప్పక వినాలి. కాని భార్యతో ఉల్లాసంగా గడపడమే ధర్మానికి దూరమైన పని అనుకోవడం సరికాదు. దైవప్రవక్త (సఅసం) ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. మస్జిదె నబవీలో హబషీలు ఈటెల విద్య చూపుతున్నప్పుడు, ఆమెకు ఇక చాలనిపించేదాకా ఆయన అలాగే నిలబడి ఆమెను చూడనిచ్చారు. గమనించండి, వేడుక ఎంతసేపన్నది ఆమె ఇష్టానికే వదిలారు.

మరి మనవాళ్ళ రెండు రోజులు ఎలా గడుస్తాయి? బయలుదేరక ముందే ఆడపడుచుల, తోడికోడళ్ళ కోరికల చిట్టా సిద్ధం. మస్జిద్ ఇండియా వీధిలో అత్తరు సీసాల బేరం, 452 మీటర్ల జంట గోపురాల ముందు ఫోటో, భోజనం దగ్గర భర్త చెవికి ఫోను – దుకాణంలో సరుకు దిగిందా, బాకీ వసూలైందా? ఆదివారం రాత్రికి తిరుగు విమానం. ఊరు చూశారు. ఒకరి మాట ఒకరు విన్నది ఎంతసేపు?

హజ్రత్ సల్మాన్ (రజి) తన ధర్మసోదరుడు హజ్రత్ అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ఇల్లాలు అలంకరణ మానేసి కనిపించారు. భర్త పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు. నీ ఇంటివారికీ నీపై హక్కుంది అని సల్మాన్ ఆయనకు చెప్పగా, సల్మాన్ అన్నది నిజమేనని దైవప్రవక్త (సఅసం) ధృవీకరించారు. అక్కడ భార్యను మరిపించింది ఆరాధన. అదే సాకు కానప్పుడు దుకాణం ఫోను ఎలా సాకు అవుతుంది?

ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటిని చూడండి. భర్త చీర నేస్తుంటే భార్య కండెలు చుడుతుంది. పగలంతా ఒకే కప్పు కింద, ఒకే పనిలో ఉంటారు. పని మాటలే తప్ప వేరే మాట ఉండదు. ఆమె శ్రమకు విడిగా కూలీ లెక్క కూడా ఉండదు. అలాంటి ఇల్లాలిని ఒక ఆదివారం పెనుకొండ కోట చూడటానికి తీసుకెళ్ళి, తీరిగ్గా కూర్చుని ఆమె చెప్పేది వింటే ఆ హక్కులో కొంత తీరినట్టే. విమానం టికెట్టు అందుకు షరతు కాదు. స్తోమత ఉన్నవారు కౌలాలంపూర్ వెళితే మాకు అభ్యంతరమూ లేదు.

అయితే నేతగాళ్ళ కూలీ బాకీ పెట్టి షాహుకారు విమానమెక్కితే అది వేరే సంగతి. ఆ ప్రయాణం ఇతరుల చెమటతో కొన్నది. వడ్డీకి తెచ్చి వెళ్ళడం గురించి చెప్పనక్కరలేదు.

నమాజు విషయం కూడా అడుగుతున్నారు. హనఫీ మస్లక్ ప్రకారం 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో, 15 రోజులకన్నా తక్కువ మకాం అయితే జుహర్, అసర్, ఇషా ఫర్జులు రెండేసి రకాతులు చేయాలి. స్థానిక ఇమాము వెనుకైతే పూర్తిగా చేయాలి. కౌలాలంపూర్ లో 1909 నాటి జామెక్ మసీదులో స్త్రీలకూ నమాజు చోటుంది కనుక, భర్త లోపలికి వెళ్ళి భార్యను సామాన్లకు కాపలా ఉంచే అవసరం రాదు. హిందూపురం నుంచి పెనుకొండ సుమారు 40 కిలోమీటర్లే కనుక అక్కడ నాలుగు రకాతులూ చేయాలి.